వంతెన మీద అరిగిన క్లచ్చి

క్లచ్చి మీంచి కాలు తీయని డ్రైవరని నాకు పేరు పెట్టి ఏళ్లు గడిచాయి. ఆ మాట తప్పని అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను. వినేవాళ్లు లేరు. చెప్పి చెప్పి అలుపొచ్చింది. అందుకే రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో బెజవాడ నుంచి ఉయ్యూరుకు బస్సు నడిపేవాణ్ని. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు అది. లాగే శక్తి తక్కువ. ఎత్తుగా లేచిన కాలువ వంతెన వచ్చిందంటే జనం దిగి, నడిచి దాటి, అవతల ఎక్కేవారు.

"టిక్కెట్టు కొన్నది ఎక్కడానికా, నడవడానికా అండీ?" అని ఒక బట్టల వ్యాపారి ఓనరుగారి దగ్గర గోల చేశాడు. ఇకమీదట ఎవర్నీ దింపొద్దని ఓనరుగారి ఆజ్ఞ. నిండు బస్సు ఆగిపోకుండా వంతెన ఎక్కాలంటే క్లచ్చి సగం నొక్కి పట్టి, ప్లేటును జారనివ్వాలి. జారినంతసేపూ దాని మీది లైనింగు పొర ఒరుసుకుని అరుగుతుంది. బస్సంతా కాలిన వాసన. నెల తిరక్కుండానే ప్లేటు పోయింది.

"పెడలు మీద కాలేసి నిద్రపోతున్నావటయ్యా!" అన్నారు ఓనరుగారు, షెడ్డులో పదిమంది ముందు. అందరూ నవ్వారు.

బస్సులు బాగుచేసే మేస్త్రీ సాయిబుగారు మాత్రం నవ్వలేదు. "నువ్వు వాదించి ఏం లాభం భాయ్? ప్లేటు చేతే చెప్పిద్దాం" అన్నారు. ఒక ప్లేటుకు కొత్త లైనింగు వేసి, కొన్నాళ్లు జనాన్ని బతిమాలి దింపి నడిపాను. విప్పి మందం కొలిచాం. ఇంకో ప్లేటుకు అదే రకం లైనింగు వేసి, అన్నే ట్రిప్పులు జనాన్ని కూర్చోబెట్టే ఎక్కించాను. మొదటిది కొంచెమే అరిగింది. రెండోది లైనింగును పట్టి ఉంచే రివెట్లు బయటపడేదాకా అరిగింది. రెండుసార్లూ కాలు నాదే.

రెండు ప్లేట్లూ గోనెసంచిలో వేసుకుని ఓనరుగారింటికి వెళ్లాను. "ఆ జిడ్డు సంచి అరుగు మీద పెట్టకయ్యా" అన్నారు. విప్పి చూడలేదు. మర్నాటి నుంచి నన్ను బొగ్గు వేసే పనికి దింపి, బండికి వేరే డ్రైవర్ని పెట్టారు. అతని ప్లేటూ అలాగే పోయింది. అప్పుడు చప్పుడు లేకుండా జనాన్ని మళ్లీ దింపమన్నారు. నా స్టీరింగు నాకివ్వలేదు, నా మీద వేసిన మాటా తీయలేదు.

ఇప్పటికీ ఓనరుగారు కాఫీ హోటల్లో కనబడితే "ఏవయ్యా, బాగున్నావా?" అంటారు. నా బాగోగులు తరవాత చూద్దాం. ఓనరుగారూ, ఆ ప్లేటు అరిగింది నా కాలి వల్లా, మీ ఆజ్ఞ వల్లా? పదిమందిలో అన్నారు. పదిమందిలోనే జవాబు చెప్పండి.