కోపం పోయిన మాస్టారు

బజారు చివర బట్టలు కుట్టే కొట్టు మాస్టారికి ముక్కు మీదే కోపం. చంక దగ్గర కుట్టు రవ్వంత వంకరపోయినా మొత్తం విప్పేసేవాడు. తొందరపెట్టిన వాళ్ళ మీద ఒంటికాలి మీద లేచేవాడు. ఆ నోటికి జడుస్తూనే జనం ఆయన దగ్గరికే వచ్చేవారు. చొక్కా ఒంటికి అతికినట్టు ఉండేది మరి. అరిచిన గంటకే భార్య దగ్గర చేరి, "ఊరికే నోరు పారేసుకున్నానే" అని నొచ్చుకునేవాడు.

యాభయ్యో ఏట తలనొప్పులు మొదలయ్యాయి. నుదుటి ఎముక వెనక గడ్డ ఉందని ఆపరేషన్ చేసి తీసేశారు. కోలుకున్నాక మళ్ళీ కత్తెర పట్టాడు. పనితనం ఎక్కడికీ పోలేదు. కోపం మాత్రం మాయమైంది.

"గడ్డతో పాటు నోరు కూడా కోసేశారా మాస్టారూ?" అన్నాడు పక్కనున్న చెప్పుల కొట్టాయన. మాస్టారు నవ్వేసి సూదిలో దారం ఎక్కించుకున్నాడు. భార్యకైతే ప్రాణం హాయిగా ఉంది. ఇన్నాళ్ళకి ఇల్లు చల్లబడిందనుకుంది.

ఆ ఏడే ఆయన అక్క పోయింది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి. శవం చుట్టూ అందరూ బావురుమంటుంటే ఆయన గోడకానుకుని, "ఎండెక్కుతోంది, ఇంకెంతసేపు?" అన్నాడు. బావ మొహం తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక భార్య నిలదీసింది. "మీకు బాధగా లేదా?"

"అక్క పోయిందని తెలుసు. ఏడవాలనీ తెలుసు. రావట్లేదే."

ఆవిడ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. "మెదడు ముందు భాగమమ్మా. కోపానికైనా ఏడుపుకైనా మనసుని కదిలించేది అదే. గడ్డ వల్లా, దాన్ని తియ్యడం వల్లా అక్కడ చాలా దెబ్బతింది" అన్నాడాయన.

"మళ్ళీ మామూలవుతారా?"

"కొంత మెరుగు పడొచ్చు. అంతకన్నా మాటివ్వలేను."

ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. కోటు కుట్టుకోవాలని ఆయన ఏళ్ళ తరబడి దాచుకున్న ఉన్ని గుడ్డ ఒకటి ఉంది. ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. దాన్ని ఆయన ఎదుటే బల్ల మీద పరిచి, నడిమికి అడ్డంగా కత్తిరించేసింది.

"తిట్టండి."

"ఎందుకు?"

"మీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట తిట్టండి!"

ఆయన రెండు ముక్కలూ ఎత్తి చూశాడు. "పోన్లే. పిల్లల లాగులకి సరిపోతుంది" అని మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆవిడ నేల మీద చతికిలబడి ఏడ్చింది. మిషను ఆగలేదు.

ఇప్పుడు కొలతలు తీసుకోవడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం అన్నీ ఆవిడే. కుట్టమంటే కుడతాడు. లేవమనకపోతే అన్నం వేళ దాటినా లేవడు. "పల్లెత్తు మాట అనని మొగుడు, అదృష్టవంతురాలివి" అంటారు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. ఆవిడ గుండీలు కుడుతూ ఊ కొడుతుంది.