పునాదికి నీళ్ళు పెట్టిన జడ్జిగారు

జడ్జిగారు పోయారన్న కబురు మా కాలనీ గ్రూపులో, చెత్త బండి ఈ వారం ఒకరోజు ఆలస్యంగా వస్తుందన్న మెసేజ్ కింద వచ్చింది. నేను నమ్మలేదు. నమ్మకపోవడం నా ఉద్యోగం కూడా. పద్దెనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఎవరైనా "పనిచేస్తోంది" అంటే "ఏదీ, చూపించు" అన్నందుకే నాకు జీతమిస్తారు. కిటికీ తెర తప్పించి పక్కింటివైపు చూశాను. వాకిట్లో వేరే రాష్ట్రం నంబరు ప్లేటున్న కారు ఆగి ఉంది. మెట్ల మీద రెండు రోజుల పేపర్లు, తీసేవాళ్ళు లేక, ఎండకి పసుపుబారుతున్నాయి. అప్పుడు నమ్మాను.

ఏడుపు రాలేదు. నాలుగేళ్ళుగా ఆయనతో నాకు మాటల్లేవు. ఆ నాలుగేళ్ళూ నా మనసులో ఆయన మీద ఒక కేసు నడిపాను. అందులో లాయరూ నేనే, జడ్జీ నేనే. ముద్దాయికి మాత్రం కబురు పంపలేదు.

మా ఊరు ప్లేనో చుట్టుపక్కల ఉండే మీలో కొందరికి ఆయన ఫొటోల్లో గుర్తుండొచ్చు. రాష్ట్ర శాసనసభలో పన్నెండేళ్ళు ఉన్నారు. ఆ రోజుల్లో మన ఉగాది ఫంక్షన్లకి వచ్చి, శాలువా కప్పించుకుని, "నమస్కారం" అని వత్తి పలికి చప్పట్లు కొట్టించుకున్న పొడుగాటి తెల్లాయన. తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జి అయ్యారు. ఇక్కడ ఆ పదవికి కూడా ఎన్నికలుంటాయి. కూడళ్ళలో, ఇళ్ళ ముందు గడ్డిలో, జడ్జిల పేర్లతో బోర్డులు పాతుతారు. ఓట్లడిగినవాడు న్యాయం ఎలా చెబుతాడన్నది ఈ దేశం వచ్చిన కొత్తలోనే నాకు పట్టుకున్న అనుమానం. అలాంటాయన సరిగ్గా మా పక్కింట్లోనే దొరికారు.

పద్నాలుగేళ్ళ కిందట మేం ఆ కొత్తింట్లో దిగాం. ఆయనది మా కాలనీ కంటే ముందునుంచీ ఉన్న పాత ఇల్లు, వెనకాల అక్రోట్ లాంటి గింజలు కాసే పెద్ద పెకాన్ చెట్టు. మొదటి జులైలో ఒక శనివారం చూస్తే, ఆయన మడత కుర్చీలో కూర్చుని క్లిప్పులు పెట్టిన కాగితాలు చదువుకుంటున్నారు. కాళ్ళ దగ్గర రబ్బరు గొట్టం, అందులోంచి గోడ మొదట్లోకి సన్నగా నీళ్ళు. ఎదురుగా గడ్డి మాడిపోతోంది. గడ్డిని వదిలేసి గోడకి నీళ్ళు పెట్టే మనిషిని ఎవరు నమ్ముతారు? నేను చూస్తున్నది గమనించి కంచె దగ్గరికొచ్చారు.

"మీది కొత్త ఇల్లు కదా. ఇక్కడి మట్టి ఎండితే ముడుచుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది. వేసవిలో పునాదికి నీళ్ళు పెట్టండి. లేకపోతే ఇల్లు మీకు చెప్పకుండా కదులుతుంది" అన్నారు.

వంగి చూపించారు. మా గోడకీ నేలకీ మధ్య అప్పటికే నా వేళ్ళు పట్టేంత సందు.

లోపలికొచ్చి మా ఆయనతో చెప్పాను. "హెచ్-వన్ వీసా మీద ఉన్నాం. మనకి ఓటు కూడా లేదు. మనతో ఈయనకేం పని?"

"నీళ్ళు పెట్టమన్నాడంతే కదే. అన్నిటికీ రీజన్ ఉండాలా?"

"ఉంటుంది. మనకి ఇంకా తెలీదు."

జడ్జిగారిని ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి. అప్పుడు దానికి నాలుగేళ్ళు. కంచె సందులోంచి "జడ్జి అంకుల్, డు యూ వాంట్ దోసె?" అని పిలిచింది. ఆ శనివారం మొదలు, రాజధానిలో కోర్టు పని ముగించుకుని నాలుగు గంటలు డ్రైవ్ చేసి ఇంటికొచ్చిన ప్రతి వారాంతమూ ఆయన మా వంటింటి బల్ల దగ్గర ఉండేవారు. రెండు దోసెలు, కారప్పొడి, నెయ్యి మరికాస్త. ఫోర్కు ఇస్తే పక్కన పెట్టి చేత్తో తినడం నేర్చుకున్నారు. మొదట్లో మోచేతి దాకా కారేది. పెట్టి పంపిన స్టీలు గిన్నె ఎప్పుడూ ఖాళీగా వెనక్కి రాలేదు. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని మా అమ్మాయి చెప్పిందట. గిన్నెనిండా పెకాన్లు ఒలిచి, గింజ విరగకుండా పేర్చి ఇచ్చేవారు.

ఆయన మాటలు కొన్ని ఇప్పటికీ నా దగ్గరున్నాయి. "తీర్పు ఓడిపోయినవాళ్ళకి అర్థమయ్యేలా రాయాలి. గెలిచినవాళ్ళు చివరి లైను తప్ప చదవరు" అనేవారు. ఇంకోసారి, "రాజకీయాల్లో పరిచయాలు పెంచుకోవడం నా పని. కోర్టులో వాటిని గుర్తుపెట్టుకుని జాగ్రత్తపడడం నా పని" అన్నారు. ఎంత బాగా చెప్పేవారో నాకు అంత అనుమానం వచ్చేది. ఇవన్నీ ప్రసంగాల్లో వాడి నలిగిన మాటలేమో అనుకునేదాన్ని. జడ్జి అయ్యాక ఉగాది పిలుపు వస్తే వచ్చారు గానీ స్టేజి ఎక్కలేదు. శాలువా తెచ్చినవాళ్ళకి దండం పెట్టి, వెనక వరసలో మా పక్కన కూర్చుని పులిహోర తిని వెళ్ళిపోయారు. "చూశావా, ఎంత సింపుల్ మనిషో" అన్నారు మా ఆయన. "ఎలక్షన్ వచ్చే ఏడాది కదా" అన్నాను నేను.

అయినా శనివారం పొద్దున పిండి ఆయన వంతు కలిపి రుబ్బేదాన్ని. ఎందుకంటే ఇష్టం కనక. అనుమానమూ ఇష్టమూ రెండూ ఒకే ఇంట్లో కాపురముంటాయని నన్ను చూస్తే తెలుస్తుంది.

మేం నీళ్ళు మానకుండా పెట్టాం. అయినా ఏడో ఏట ఇల్లు కదిలింది. పడగ్గది తలుపు పడేది కాదు. మా అమ్మాయి హాల్లో గోళీ వదిలితే దానంతటదే వంటింటి మూలకి దొర్లుకుంటూ పోయేది. దేవుడి అలమర వెనక గోడ మీద పగులు, నెల నెలా పొడుగవుతూ. ఇంజినీరొచ్చి చూసి, పునాది కిందనే లోపముందన్నాడు. బిల్డరు ఒప్పుకోలేదు. కోర్టుకి వెళదామంటే, కొన్నప్పుడు మేం సంతకం పెట్టిన కాగితాల్లో కోర్టుకి రాకూడదనీ, బిల్డరు ఎంచుకున్న మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనీ ఉందట. అలాంటి షరతులు చెల్లుతాయని చెప్పే చట్టానికి శాసనసభలో ఓటేసినవాళ్ళలో మన జడ్జిగారూ ఉన్నారని మా లాయరు చెప్పాడు. అయినా ఆ షరతు చెల్లదంటూ కేసు వేశాం.

ఆ శనివారం ఆయన మొదటి దోసె ముగించి రెండోది సగం తిన్నారు. నేను పెనం ముందు నిలబడే మొదలుపెట్టాను. "మా బిల్డరు మీద కేసు వేశామండీ..."

ఆయన చెయ్యెత్తారు. "ఆ విషయం నాతో చెప్పకండి" అని లేచి, చెయ్యి కడుక్కుని, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

మా అమ్మాయి కంచం వంక చూసి, "అమ్మా, జడ్జి అంకుల్ ఫినిష్ చేయలేదు. ఈజ్ హీ మ్యాడ్?" అంది.

కోపం కాదు, భయమనుకున్నాను. ఏదో దాస్తున్నాడనుకున్నాను. తర్వాతి శనివారం ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కంచె అవతల్నుంచి చెయ్యి ఊపేవారు. పెకాన్ల గిన్నె మాత్రం ఏటా గుమ్మం ముందు ఉండేది.

కేసు కింది కోర్టుల్లో ఒకచోట గెలిచి, ఒకచోట ఓడి, మూడేళ్ళకి రాష్ట్ర సుప్రీంకోర్టుకి చేరింది. పెద్దగా ఆశపడకూడదనుకుంటూనే ఆశపడ్డాను. పక్కింటాయన కదా, మేం నీళ్ళు పెట్టడం కళ్ళారా చూసినవాడు కదా అని. తీర్పు వచ్చింది. మాకు వ్యతిరేకం. చివర, మన జడ్జిగారు ఈ కేసులో పాల్గొనలేదని ఒక్క లైను ఉంది. కారణం లేదు. చెప్పక్కర్లేదట.

నేను కారణం వెతికాను. నా పనే అది. పాత ఎన్నికల చందాల రికార్డులు ఎవరైనా చూడొచ్చు. శాసనసభకి పోటీ చేసిన రోజుల్లో ఆయనకి చందా ఇచ్చినవాళ్ళలో మా బిల్డరు పేరు దొరికింది. ఇంకేం కావాలి? మేం గెలుస్తామని తెలిసి, బిల్డరుకి వ్యతిరేకంగా సంతకం పెట్టలేక తప్పుకున్నాడని నేను తేల్చేశాను. ఆ సాయంత్రమే కంచె దగ్గర నిలేశాను.

"ఎందుకు తప్పుకున్నారు?"

"ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేను."

"చందా ఇచ్చాడనా?"

"మీరు అడగడం న్యాయమే. నేను చెప్పకపోవడమూ అంతే" అన్నారు. చేతిలో గొట్టం అలాగే ఉంది. నీళ్ళు ఆయన చెప్పుల మీద పడుతున్నాయి.

అదే మా ఆఖరి మాట. ఆ చలికాలం వచ్చిన పెకాన్లని ఉడతలకి వేసి, గిన్నె ఖాళీగా ఆయన గుమ్మంలో పెట్టొచ్చాను. అలా ఖాళీగా ఇవ్వకూడదని తెలిసే పెట్టాను. మేం అప్పుచేసి పునాది కింద స్తంభాలు వేయించుకున్నాం. ఆయన రిటైరయ్యారు, చేతికర్ర పట్టారు. ఆయన వాకిట్లో అంబులెన్సు ఆగిన రోజు కూడా నేను కిటికీ తెర వెనకే నిలబడ్డాను.

చర్చిలో సంతాప సభకి వెళ్ళాను. నిజాలెన్ని చెబుతారో చూద్దామని వెళ్ళానని మా ఆయనతో అన్నాను. నిష్పక్షపాతి అన్నారు, మహానుభావుడన్నారు. నేను ఒక్కో మాటనీ మనసులో కొట్టేస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన కూతురు మా తలుపు తట్టింది. నా వయసే ఉంటుంది. చేతిలో నల్ల అట్ట నోటుపుస్తకం. "ఇది నాన్న కోర్టు పుస్తకం. ఇక దీన్ని ఎవరికీ చూపించను. కానీ ఈ రెండు పేజీలు మీరు చూడాలి" అంది.

మొదటి పేజీలో ఇంగ్లీషులో, నిటారు అక్షరాల్లో శీర్షిక: నేను తీర్పు చెప్పకూడనివాళ్ళు. రాజకీయాల్లో ఉన్నప్పుడు సాయం చేసినవాళ్ళు, పెళ్ళికి పిలిచినవాళ్ళు, తిట్టినవాళ్ళు కూడా అందులో ఉన్నారని ఆమె చెప్పింది. ఎవరిమీదైనా మనసు తటస్థంగా ఉందని నమ్మకం కుదిరాక ఆ పేరు కొట్టేసి, కారణం రాసేవారట. మా బిల్డరు పేరున్న పేజీ తిప్పింది. పేరు మీద అడ్డంగా ఒక గీత. పక్కన: "చందా వెనక్కి పంపాను. ఇతని విషయంలో తీర్పు చెప్పగలను." తేదీ మా కేసు కంటే ఎన్నో ఏళ్ళ ముందుది.

తర్వాత ఇంకో పేజీ. "పక్కింటివాళ్ళు. శనివారం దోసెలు. పాప నన్ను అంకుల్ అంటుంది." మా అమ్మాయికి ఐదేళ్ళప్పటి తేదీ. దాని కింద, కేసు నడుస్తున్న నాటి తేదీతో, వేరే ఇంకుతో: "శనివారాలు మానేశాను. ఏడాదైంది. అయినా కొట్టేయలేకపోతున్నాను."

నా బుద్ధి అప్పుడైనా ఊరుకుందా? పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఇంకు పాతదేనా, నిన్నో మొన్నో రాసిందా అని వెలుతురులో పెట్టి చూశాను. పాతదే. కాగితం అవతలి వైపుకి దిగి, అంచులు గోధుమరంగుకి తిరిగిన పాత ఇంకు.

ఆ సగం దోసె వదిలి లేచింది మమ్మల్ని మర్చిపోయి, మా కేసు వినే జడ్జిల్లో కూర్చోగలనేమో చూద్దామని. కూర్చోలేకపోయారు. నేను దాన్ని నాలుగేళ్ళపాటు అమ్ముడుపోవడం అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "అంటే దోసెలు పెట్టకపోయుంటే కేసు గెలిచేవాళ్ళమా?" అన్నారు. నాకు తెలీదు. కూర్చునుంటే ఆయన మాకు వ్యతిరేకంగానే రాసేవారేమో. ఆయన ఓటేసిన చట్టమే కదా. ఆ అనుమానం ఇంకా ఉంది, ఉండనివ్వండి. నేను ఆయన్ని దేవుణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు. అన్యాయం చేశాననే రాస్తున్నాను. క్షమించమని అడగడానికి నాలుగు శనివారాలు కాదు, నాలుగేళ్ళ శనివారాలు ఆ కంచె అవతలే ఉన్నాయి. ఒక్కటీ వాడుకోలేదు.

ఆయన కూతురు తాళం వేసి వెళ్ళింది. ఇల్లు అమ్మకానికి పెడతారట. ఈ శనివారం కంచె మీంచి చూస్తే, ఆయన గోడకీ నేలకీ మధ్య మట్టి విచ్చుకుని, నా అరచెయ్యి దూరేంత సందు పడింది. మా గొట్టం పొడుగు చాలలేదు. రెండోది తెచ్చి తగిలించి, కంచె అవతలికి వెళ్ళాను.

మా అమ్మాయి బయటికొచ్చి, "అమ్మా, అది మన ఇల్లు కాదు కదా, వై ఆర్ యూ వాటరింగ్ ఇట్?" అంది.

"ఎండిపోతోందే" అన్నాను.

ఆయన మడత కుర్చీ గోడకి ఆనించి ఉంది. దాన్ని విప్పుకుని కూర్చున్నాను. నీళ్ళు ఆ సందులోకి దిగిపోతున్నాయి, చాలాసేపటి దాకా పైకి తడి కనబడలేదు.