గుసగుస మాస్టారి నాటకం క్లాసు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అందరూ ఆయన్ని గుసగుస మాస్టారు అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ఎదురుగానే. ఆయన గొంతు అలాంటిది. గట్టిగా మాట్లాడదామనుకున్నా, మాట పెదవుల దాకా వచ్చేసరికి తగ్గిపోయేది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయన ఒక నాటక సంస్థలో ప్రాంప్టరు. తెర చాటున స్టూలు మీద కూర్చుని, స్క్రిప్టు మీదికి చిన్న దీపం వంచుకుని, నటులెవరైనా మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆయన పని. రాజుకీ అందించారు, దొంగకీ అందించారు. తను మాత్రం ఒక్కసారి కూడా వెలుగులోకి రాలేదు. రావాలనీ అనిపించలేదు.

సంస్థ మూతపడింది. హాలును గోడౌనుకి ఇచ్చేశారు. ఆయన ఇంట్లో కూర్చున్నారు. భార్య కుట్టుమిషను ముందు కూర్చుని, బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఏదైనా మాట కోసం తడుముకుంటే చాలు, ఈయన పక్కనుంచి అందించేసేవారు.

"కాస్త బయట తిరిగి రండి మీరు. నా మాట నేను వెతుక్కుంటాను" అనేది ఆవిడ విసుక్కుంటూ.

అలాంటప్పుడు మేనకోడలు ఒక కబురు తెచ్చింది. ఆ అమ్మాయి శిక్షణ కళాశాల ఆఫీసులో గుమాస్తా.

"మావయ్యా, చిన్నపిల్లలకి పాఠాలు నాటకంలా ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకి నేర్పాలట. కొత్త సబ్జెక్టు. చెప్పేవాళ్లు దొరక్క మా ప్రిన్సిపాల్ మేడమ్ తల పట్టుకుంటున్నారు. నీ గురించి చెప్పేశాను."

"నేనెప్పుడూ వేషం కట్టలేదు కదే!"

"నాటకాల్లోనే ఉన్నావుగా ఇన్నేళ్లు! ఊరికే వచ్చి కనబడు."

ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి, "మీరు డైరెక్షన్ చేసేవారా?" అని అడిగింది.

"లేదండీ, నేను తెర వెనకాల..."

"తెర వెనకాలంటే అదేలెండి" అంటూ ఆవిడ ఆ సబ్జెక్టు పుస్తకం ఆయన చేతిలో పెట్టేసింది. "పిల్లల చేత నాటకం వేయించడం కాదు మాస్టారూ. పిల్లలతో కలిసి ఆడుతూ పాఠం నడిపించాలి. టీచరే ఒక పాత్ర అయిపోవాలి. స్క్రిప్టు ఉండదు."

"ఉండదా?"

"అసలు ఉండకూడదు."

ఆయన వరండాలోకి వచ్చి, ఏ వైపు నుంచి లోపలికి వచ్చారో గుర్తురాక కాసేపు అక్కడే నిలబడిపోయారు. స్క్రిప్టు లేని నాటకంలో ప్రాంప్టరుకి పనేమిటి?

మొదటి క్లాసులో బెంచీలన్నీ గోడవారకి జరిపించారు, పుస్తకంలో అలా ఉంది కాబట్టి. గది మధ్యలో విద్యార్థులు, వాళ్ల మధ్యలో ఆయన. తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

"చెట్టులా నిలబడాలని రాసుంది సార్ ఈ పుస్తకంలో. ఏ చెట్టు సార్?" అని అడిగింది మొదటి బెంచీ అమ్మాయి. బెంచీలు జరిపేసినా ఆ అమ్మాయి అందరికంటే ముందే నిలబడింది.

"ఏదైనా..."

"ఏదైనా అంటే మార్కులు దేనికేస్తారు సార్?"

ఆయన పుస్తకం మూసేశారు.

ఇక లాభం లేదని, తనకి అలవాటైన దారే పట్టారు. ఇంటికి వెళ్లి స్క్రిప్టు రాశారు. వాన ఎలా కురుస్తుందన్న పాఠం. మబ్బు వస్తుంది, తన కథ చెబుతుంది, కురిసి వెళ్లిపోతుంది. విద్యార్థులకి ప్రాణం లేచొచ్చింది. చక్కగా బట్టీ పట్టారు.

పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి వెళ్లారు. మొదటి బెంచీ అమ్మాయి తెల్లదుప్పటి కప్పుకుని మబ్బయింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పుకుపోతోంది. ఇంతలో కిటికీ పక్కన కూర్చున్న పాప లేచి, "మబ్బూ, మా ఇంటికెప్పుడొస్తావ్?" అని అడిగింది.

స్క్రిప్టులో అలాంటి ప్రశ్న లేదు. మబ్బు బిక్కమొహం వేసి వెనక్కి చూసింది. వెనక గోడ దగ్గర కూర్చున్న మాస్టారు గబగబా కాగితాలు తిరగేశారు. ఏమీ దొరకలేదు. పాత అలవాటు మాత్రం ఆగలేదు. పెదవులు కదిలాయి.

"నాకు తెలియదు."

అది తనలో తను అనుకున్న మాట. మబ్బు దాన్ని పట్టుకుని పైకే చెప్పేసింది. "నాకు తెలియదు."

"తెలియకపోతే ఎలా? మా ట్యాంకులో నీళ్లు లేవు!" అని పాప గదమాయించింది. ఇంకొకడు లేచి, "ఇవాళ వద్దు, మా అమ్మ బట్టలు ఆరేసింది" అన్నాడు. రావాలని కొందరు, వద్దని కొందరు. ఒకడు తను గాలినంటూ మబ్బుని అవతలికి తోశాడు. సముద్రం ఎక్కడుందో, కొండ ఎక్కడుందో వాళ్లే తేల్చుకుని, వాళ్లే అలా నిలబడ్డారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

కిటికీలోంచి చూస్తున్న ప్రిన్సిపాల్ మేడమ్ లోపలికి వచ్చింది. "ఇదే మాస్టారూ నాకు కావలసింది! ఎలా తట్టింది మీకు?"

"తట్టడమేం లేదండీ. నిజంగానే తెలియలేదు."

ఆవిడ నవ్వి, ఈయనది వినయమనుకుని వెళ్లిపోయింది.

తర్వాతి వారం ఇంకో సెక్షనులో అదే పాఠం. ఈసారి ఆయన తెలివిగా స్క్రిప్టులోనే రాసిపెట్టారు: మబ్బు, "నాకు తెలియదు" అంటుంది. మబ్బు సరిగ్గా సమయానికి ఆ మాట అంది. "తెలియకపోతే మీ టీచర్ని అడుగు" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది. మబ్బు వెనక్కి చూసింది. ఆయన కాగితాల్లోకి తల దించేసుకున్నారు.

ఆ సాయంత్రం భార్య దగ్గర గోడు వెళ్లబోసుకున్నారు. "అదే దుప్పటి, అదే మాట. అప్పుడెందుకు పండింది, ఇప్పుడెందుకు చెడింది?"

ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "అప్పుడు మీకు నిజంగా తెలియదు. ఇప్పుడు తెలిసి, తెలియదనిపించారు."

"అయితే రోజూ ఏమీ తెలియకుండానే వెళ్లాలా?"

"నన్నడుగుతారేంటి? నాకు కాలర్ల సంగతి తెలుసు, కఫ్‌ల సంగతి తెలుసు."

మర్నాడు ఆయన క్లాసులో ఉన్నమాట చెప్పేశారు. "నేను డైరెక్టర్ని కాదు, నటుణ్ణి కాదు. ప్రాంప్టర్ని. ఈ సబ్జెక్టు నాకు అర్థం కావడం లేదు."

మొదటి బెంచీ అమ్మాయే అంది, "మాకూ అర్థం కావడం లేదు సార్. మీకు అర్థమైపోయిందేమో, మేమే మొద్దులమేమో అని భయపడి చస్తున్నాం."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే.

అప్పటి నుంచి స్క్రిప్టులు రాయడం మానేశారు. ఒకరు టీచరు, మిగతావాళ్లు పిల్లలు. టీచరు తనకి నిజంగా తెలియని ప్రశ్న ఒకటి అడగాలి. అంతే నియమం. ఆయన వెనక కూర్చునేవారు. ముందు నిలబడినవాళ్లు మాట దొరక్క ఆయనవైపు చూసేవారు. ఏమీ అందించకుండా తిరిగి చూడటం ఆయనకి ప్రాణసంకటంగా ఉండేది. పెదవులు వాటంతటవే కదిలేవి. వేళ్లు అడ్డం పెట్టుకునేవారు.

కొన్ని పాఠాలు పండేవి. కొన్ని చేపల మార్కెట్టయ్యేవి. జంతువుల పాఠం రోజున ప్రాథమిక పాఠశాలలో పక్క తరగతి టీచరు వచ్చి, "మాకు ఎక్కాలు వినబడటం లేదండీ" అని దణ్ణం పెట్టింది. ఏది ఎందుకు పండిందో, ఏది ఎందుకు చెడిందో ఆయనకి అంతుచిక్కలేదు. ఒక బ్యాచి వెళ్లింది, ఇంకో బ్యాచి వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన్ని వదల్లేదు. మార్కులు వేయాల్సి వచ్చినప్పుడల్లా మాత్రం ఆయనకి జ్వరం వచ్చినంత పనయ్యేది.

ఒకరోజు ప్రాథమిక పాఠశాలలో బజారు పాఠం జరిగింది. పిల్లలే దుకాణదారులు, పిల్లలే కొనేవాళ్లు, సరుకులన్నీ ఉత్తుత్తివి. గంట కొట్టాక అందరూ పరుగెత్తారు. ఒక చిన్నపిల్ల మాత్రం తిన్నగా ఆయన దగ్గరికి వచ్చింది.

"మీరేం కొనలేదు" అంది తప్పుపడుతున్నట్టు. ఆయన రెండు చేతులూ దగ్గరికి లాగి, వాటిలో ఏదో జాగ్రత్తగా దించింది. "కోడిపిల్ల. గట్టిగా పట్టుకుంటే చచ్చిపోతుంది. వదిలేస్తే పారిపోతుంది."

అంటూనే వెళ్లిపోయింది. ఏం చెయ్యాలో అడుగుదామని ఆయన చుట్టూ చూశారు. గదిలో ఎవరూ లేరు.

దోసిలి మూసుకునే ఇంటిదారి పట్టారు. భుజం మీద సంచీ జారుతోంది, సర్దుకోవడానికి చెయ్యి లేదు. దారిలో పాత నటుడొకాయన ఎదురై చెయ్యి చాపాడు. ఈయన తల మాత్రం ఊపారు. మలుపు దగ్గర ఆగి, ఇదేం పిచ్చి, వదిలేద్దాం అనుకున్నారు. చేతులు విడవలేదు. సిగ్గేసింది. అయినా విడవలేదు.

మోచేత్తో తలుపు నెట్టుకుని లోపలికి వచ్చారు.

"చేతిలో ఏంటది?" అంది భార్య.

"కోడిపిల్ల. అంటే... లేదు. ఒక పాప ఇచ్చింది."

ఆవిడ ఆయన మొహం చూసింది, చేతులు చూసింది. "బతికుందా?"

"ఏమో. ఉన్నట్టే ఉంది."

ఆవిడ కత్తిరింపు ముక్కల బుట్టని కాలితో ఇటు జరిపింది. "ఇందులో పెట్టండి మరి. టీ చల్లారిపోతోంది."

ఆయన వంగి, దోసిలి మెల్లగా విప్పారు. తర్వాత కూడా లేవకుండా, ఏం చూస్తున్నారో తనకే తెలియకుండా, ఆ గుడ్డముక్కల కేసి చూస్తూ అలాగే ఉండిపోయారు.