పన్నెండు మిరపకాయలు, ఒక్క దగ్గూ లేదు

2007 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం పదిగంటల ఇరవై నిమిషాలకు నేను మా వంటింట్లో పన్నెండు ఎండుమిరపకాయలు వేయించాను. ఎవరికీ దగ్గు రాలేదు. టైమ్ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఆ వంటకి నాలుగు గంటలు పడుతుందని చెప్పారు కాబట్టి మైక్రోవేవ్ గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను. ఆ రోజుల్లో నేను ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టేవాణ్ణి. ప్రోగ్రాములు రాసి బతికేవాడికి వంట కూడా ఒక ప్రోగ్రామే అనిపించేది. వరుస తప్పకుండా చేస్తే అనుకున్నది వస్తుందని నమ్మకం. ఆ నమ్మకం ఇప్పుడు లేదు గానీ, కాగితం ఉంది.

అప్పుడు మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మా ఆవిడకి ఏడో నెల. అందరికీ మూడు నెలలకి తగ్గే వాంతులు తనకి తగ్గలేదు. ఈసారి వచ్చేలోపు బరువు పెరగకపోతే హాస్పిటల్లో పెట్టి సెలైన్ ఎక్కించాలని డాక్టర్ చెప్పింది. పురిటికి సాయంగా గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, కూతురు ఏది తింటుందోనని చారు దగ్గర్నుంచి నాటుకోడి దాకా (అది నాటుది కాదు, ఆవిడ వండిన తీరు నాటుది) రోజుకొకటి వండేవారు. మా ఆవిడ రెండు ముద్దలు తిని లేచిపోయేది. మిగిలింది నేను తినేవాణ్ణి. ఆ ఇంట్లో బరువు పెరిగింది నేనొక్కణ్ణే.

అలాంటప్పుడు కింది వాటా మెక్సికన్ ఆవిడ ఒక గిన్నె పంపింది. ఆవిడకి యాభై ఏళ్లుంటాయి, మెట్ల మీద మా ఆవిడ ఆయాసం రోజూ చూస్తుండేది. అది బిర్రియా. మేకమాంసాన్ని ఎండుమిరపకాయల ముద్దలో నానబెట్టి, సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే పులుసు. మా ఆవిడ గిన్నె ఖాళీ చేసి, పడుకుని, లేచి, ఇంకా ఉందా అని అడిగింది. అత్తగారి ముఖంలో సంతోషమూ చిన్నతనమూ ఒకేసారి కనిపించాయి. మసాలా అంతా మనదే, వెనిగర్ ఒక్కటే వాళ్లది అని గిన్నె వాసన చూసి తీర్పు చెప్పి, గిన్నె కడగడానికి వెళ్లిపోయారు.

అడిగితే కింది వాటా ఆవిడే మళ్లీ వండి ఇచ్చేది. కానీ నెలల తరబడి భార్య బాధ చూస్తూ చేతులు కట్టుకు నిలబడ్డ మొగుడికి చెయ్యడానికి ఒక పని దొరికింది. లాండ్రీ రూములో నిలబడి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. మిరపకాయలు కూడా ఆవిడే ఇచ్చింది, జానెడు పొడవున్న నున్నటి ఎర్ర కాయలు. సెగ పెంచొద్దు, తొందరపడొద్దు అని మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ రాసుకున్నాను.

ఆదివారం నేను పెనం పెట్టగానే అత్తగారు అలవాటుగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తీశారు. పెనం వైపు చూశారు, సోఫాలో పడుకున్న కూతురి వైపు చూశారు.

"ఎన్ని కాయలు వేశారు బాబూ?"

"పన్నెండండీ."

"ఒక్కరికీ దగ్గు రాలేదే."

ఇవి ఘాటు లేని జాతి, రంగు కోసమూ రుచి కోసమూ వేస్తారట అని చెప్పాను. గుంటూరు మనిషికి, మిరపకాయకి ఘాటుండదని చెప్పాను. దిష్టి తీసిన మిరపకాయలు కాల్చినప్పుడు ఘాటు రాకపోతే, దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. ఇవి దిష్టి తీసినవి కావు కదా అంటే, ఇల్లంతా దిష్టి అయినప్పుడు వేరే తియ్యాలా అన్నట్టు చూశారు. నేను మిరపకాయలు నానబెట్టి, రుబ్బి, మాంసానికి పట్టించి, కుండ పొయ్యి మీద పెట్టాను. (మాంసానికి నాలుగు గంటలేమిటి, కుక్కర్ పాడైందా అని అత్తగారు ఒకసారి అడిగారు.)

ఒంటిగంటకి ఆవిడ సూట్‌కేసు లోంచి గుంటూరు మిరపకాయల పొట్లం బయటికి వచ్చింది. మా ఆవిడ వద్దమ్మా అంటూనే లేచి కూర్చుంది. అత్తగారు గుప్పెడు కాయలు, ఉప్పు తీసుకుని కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పి, నా పక్క పొయ్యి మీద వేడెక్కిన పెనంలో పడేశారు.

ఆ ఘాటు సంగతి వర్ణించను. చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. నేను తెలివిగా బయటి తలుపు తెరిచాను. పొగంతా అన్ని వాటాలకీ ఉమ్మడిగా ఉన్న నడవలోకి వెళ్లింది. అక్కడున్న అలారం మా ఒక్క ఇంటిది కాదు, బిల్డింగ్ మొత్తానిది.

పది నిమిషాల్లో అందరం పార్కింగ్‌లో మంచులో నిలబడి దగ్గుతున్నాం. నైటీ మీద నా కోటు వేసుకుని మా ఆవిడ దగ్గుతోంది. కింది వాటా ఆవిడ దగ్గుతోంది. ఫైరింజన్ దిగి పైకి వెళ్లిన భారీ మనిషి కళ్లు తుడుచుకుంటూ కిందికి వచ్చి, అక్కడ ఏం వండుతున్నారని అడిగాడు. ఒక పొయ్యి మీద లంచ్, రెండో పొయ్యి మీద పూజ అని చెప్పాను. అతను కాగితం మీద ఆ రెండింట్లో ఒకటే రాసుకున్నాడు. అమెరికా వచ్చాక అత్తగారు నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. కళ్ల నీళ్లతో, దగ్గుతున్నవాళ్లని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటున్నారు.

"ఆయనక్కూడా వచ్చింది చూశారా బాబూ. ఏం లేదు. పిల్లకి ఇంకే దిష్టీ లేదు."

పొగ దేనికని కింది వాటా ఆవిడ అడిగితే చెప్పాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. తమ వైపు గుడ్డు తిప్పుతారంది. అది నేను తెలుగులో చెబితే అత్తగారు అడిగింది ఒకటే: పచ్చిదా, ఉడికిందా అని.

అప్పుడు మా ఆవిడ నా చెయ్యి లాగింది. "ఆకలేస్తోంది," అంది. ఏడు నెలల్లో ఆ మాట వినడం అదే మొదలు.

నేను కింద మేనేజర్‌కి క్షమాపణలు చెప్పి వచ్చేసరికి మూడు దాటింది. మాంసం వెన్నలా ఉడికింది. మా ఆవిడ రెండు గిన్నెలు తింది, వాంతి చేసుకోలేదు. కింది వాటా ఆవిడ రుచి చూసి, ఓపికగా వండితే ఇలాగే వస్తుందని నన్ను మెచ్చుకుంది. (ఫైరింజన్ గొడవలో నేను కుండ కింద సెగ ఆపేశానని, మాంసం రబ్బరులా ఉంటే అత్తగారు కుక్కర్‌లోకి మార్చి మూడు విజిల్స్ రప్పించి మళ్లీ కుండలో పోసేశారని మా ఆవిడ పదేళ్ల తర్వాత గానీ చెప్పలేదు.) తర్వాతి చెకప్‌లో బరువు పెరిగింది. అది దిష్టి పోవడం వల్లని అత్తగారు, నా వంట వల్లని నేను, ఎవరి నమ్మకంలో వాళ్లం ఉండిపోయాం. పాప సుఖంగా పుట్టింది.

మా ఆవిడ పోయి నాలుగేళ్లు దాటింది. వేరే జబ్బు, దానికీ దీనికీ సంబంధం లేదు. అప్పట్లో నెల తిరిగాక ఒకరోజు అత్తగారు ఫోన్ చేసి, పాప ఏం తింటోందని అడిగి, ఆ వెంటనే ఇంకోటి అడిగారు.

"ఆ రోజు ఆ పెద్ద మిరపకాయలు నిజంగానే ఘాటు లేనివేనా బాబూ?"

"అవునండీ. జాతే అంత."

"తర్వాత నేను వేసినవాటికి అందరూ దగ్గారు కదా."

"అందరూ దగ్గారండీ. ఫైరింజన్ ఆయన కూడా."

సరే బాబూ అని ఫోన్ పెట్టేశారు.

ఏటా చలికాలంలో ఒక ఆదివారం పాపా నేనూ బిర్రియా వండుతాం. ఆ పాత కాగితం చూసే వండుతాను, మూడుచోట్ల ‘తొందరపడొద్దు’ అని రాసుకున్న కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. కుక్కర్ ముట్టుకోను. పన్నెండు కాయలు వేయిస్తాను, ఎవరికీ దగ్గు రాదు. అయినా ముందే కిటికీ తెరిచి పెడతాను. మా ఇంట్లో ఇప్పుడు దిష్టి తీయడం లేదు.