నాగరత్నం అత్తని చెప్పనివ్వలేదు

మా మేనత్త నాగరత్నం పోయింది. ఆదివారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. "సరిగ్గా చూడండి, వేరే నాగరత్నం అయ్యుంటుంది" అని నర్సుతో పోట్లాడాను. యాభై దాటని మనిషి. హెర్నియా ఆపరేషన్‌కని తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లిన మనిషి. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ అదే ఉంది.

మాది బందరు తీరంలో చేపల వేటకు వెళ్లే కుటుంబం. అత్త పెళ్లయి బెజవాడ వచ్చింది. మామయ్య పోయాక చేపల మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చుంది. తిట్టినా నవ్వు తెప్పించేలా తిట్టేది. ఒకాయన పండుగప్పని అటూ ఇటూ తిప్పి, మొప్పలెత్తి చూసి మొహం చిట్లిస్తుంటే, "ఏం సారూ, పెళ్లిచూపులా? పాట కూడా పాడించమంటారా?" అంది. ఆయన నవ్వాపుకోలేక రెండు కొనుక్కెళ్లాడు.

పొద్దస్తమానం ఆ నీచు వాసనలో కూర్చునే మనిషికి బస్సు మాత్రం పడదు. బందరు బయల్దేరితే ఉయ్యూరు రాకముందే కిటికీలోంచి తల బయటపెట్టేది. చాలా ఏళ్ల కిందట గర్భసంచి తీసినప్పుడు, మత్తు దిగిన దగ్గర్నుంచీ ఒకటే వాంతులు. "పేగులు కూడా వచ్చేస్తాయనుకున్నానే" అని మాకు చెప్పి నవ్వేది. ఆ పాత కోత దగ్గరే ఇప్పుడు హెర్నియా వచ్చింది.

ఆపరేషన్ రోజు నేను ఆటోనగర్‌లో పనిలో ఉన్నాను. ఏం జరిగిందో అత్తే తర్వాత చెప్పింది. మత్తు డాక్టరు మంచం దగ్గరికొచ్చి, "ఇదివరకు ఆపరేషన్ అయ్యాక వాంతులయ్యాయామ్మా? బస్సు ప్రయాణం పడుతుందా?" అని అడిగాడట. అత్త నోరు తెరిచేలోపు మా నాన్న అడ్డుపడ్డాడు.

"అలాంటివేం లేవండీ. వెళ్లే ముందు చెడ్డ మాటలెందుకండీ?"

మాలో పడవని నీళ్లలోకి తోసే వేళ గాలివాన మాట, వట్టి వల మాట ఎవరూ ఎత్తరు. ఎత్తితే అదే ఎదురొస్తుందని భయం. నాన్న ఆ పట్టింపుని సముద్రం ఒడ్డునుంచి ఆపరేషన్ గది దాకా మోసుకొచ్చాడు.

"అది కాదన్నయ్యా, నాకప్పుడూ..."

"నోర్ముయ్యవే. దేవుణ్ణి తలుచుకో."

మార్కెట్ మొత్తానికీ సమాధానం చెప్పే మనిషి, అన్న మాటకి తల దించుకుంది. డాక్టరు రాసుకుని వెళ్లిపోయాడు. "ఆవిణ్ణే చెప్పనివ్వండి" అనడానికి ఆయనకెంతసేపు పట్టేది?

సాయంత్రం నేను వెళ్లేసరికి అత్త పొట్ట పట్టుకుని కక్కుతోంది. నర్సుని పిలిస్తే, "మత్తు దిగేటప్పుడు మామూలేనమ్మా" అంది. ఎవరికి మామూలు? నేను అరిచి గోల చేశాక ఇంజెక్షన్ చేశారు. అప్పటికే కక్కీ కక్కీ లోపలి కుట్లు తెగాయి, పేగు ఇరుక్కుంది. మళ్లీ కోయాలన్నారు.

ఈసారి వేరే మత్తు డాక్టరమ్మ వచ్చింది. నాన్న గుడ్లురుముతున్నా నేను అన్నీ చెప్పేశాను. "ఇలాంటివాళ్లకి వాంతులెక్కువమ్మా. మత్తులో ఉండగానే ఆపే మందులిస్తాం. అసలు రావని చెప్పలేను గానీ, చాలామందికి తగ్గుతాయి" అందావిడ. అత్త మెలకువ వచ్చాక ఒక్కసారి కూడా కక్కలేదు. నా చెయ్యి పట్టుకుని, "కడుపు కుదురుగా ఉందే. ఈ మందేదో మొదటే ఇస్తే పోయేదిగా?" అంది.

పోయేది. కానీ ఇరుక్కున్న పేగు అప్పటికే చెడిపోయింది. ఆ విషం ఒళ్లంతా పాకింది. వారం తిరక్కుండానే అత్తని తీసుకెళ్లింది.

పెద్దకర్మ నాడు వచ్చిన ప్రతివాళ్లతోనూ నాన్న, "దాని టైం అయిపోయింది" అంటున్నాడు.

"టైం కాదు నాన్నా. నువ్వు చెప్పనివ్వలేదు" అన్నాను, భోజనాల మధ్యలోనే.

"నలుగురిలో ఏంటే ఆ మాటలు?" అని ఎవరో కసిరారు. నాన్న మాత్రం విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయాడు.

ఆపరేషన్‌కి వెళ్లే అమ్మలారా, అక్కలారా, మీ ఒంటి సంగతి మీరే చెప్పండి. అడ్డొచ్చినవాళ్లని గది బయటికి పంపండి. మార్కెట్‌లో అత్త చోట ఇంకొకళ్లు కూర్చుంటారేమో గానీ, తిట్టి నవ్వించే ఆ గొంతు ఇక ఎక్కడా దొరకదు.

అత్త ఆత్మకు శాంతి కలగాలని రాయమన్నారు. నేను రాయను. మా అత్త ఊరుకునే మనిషి కాదు. ఊరుకుంది ఆ ఒక్కసారే.