కవరు తీయని స్టూళ్ళు

సాయంత్రం గదికి రాగానే కొంగక్క చేసే మొదటి పని నీళ్ళు కాచుకోవడం. బకెట్‌లో గుప్పెడు ఉప్పు వేసి, కాగిన నీళ్ళు పోసి, కాస్త చన్నీళ్ళు కలిపి, మంచం అంచున కూర్చుని వాచిన పాదాలు అందులో పెట్టేది. ఆ రోజు కొట్లో ఎవరు ఏమన్నదీ ఒక్కొక్కటే గుర్తు చేసుకునేది. నవ్వొచ్చిన చోట పైకే నవ్వేది. గోడకు అవతలివాళ్ళు మొదట్లో చుట్టాలెవరో వచ్చారనుకున్నారు.

వచ్చే చుట్టాలెవరూ లేరు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. తమ్ముడున్నాడు గాని ఫోనులో పలకరింపులే, అవీ ఈమె చేస్తేనే. ఆమెకు మనుషులంటే బట్టల దుకాణం మొదటి అంతస్తులో తనతో పనిచేసేవాళ్ళే. అక్కడ ఎవరినైనా అమ్మే సరుకుతోనే పిలుస్తారు. తువ్వాళ్ళ పిల్ల, దుప్పట్ల వదిన. పరదాలు అమ్మే ఈమె పరదాలక్క కావాల్సింది. కానీ పొద్దుటి నుంచి నిలబడి నిలబడి, కౌంటరు చాటున ఒక చెప్పు విప్పి, ఆ కాలు ఎత్తి రెండో పిక్కకు ఆనించి సేదతీరేది. అది చూసి దుప్పట్ల వదిన, "ఏం అక్కా, చేపల కోసమేనా జపం?" అంది. ఆ రోజు నుంచీ కొంగక్కే.

కొనేవాళ్ళు లేకపోయినా నిలబడాల్సిందే అక్కడ. తర్వాత చట్టం వచ్చింది. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలుండాలి, బేరం లేనప్పుడు కూర్చోనివ్వాలి. ప్రతి కౌంటరు వెనకా ఒక స్టూలు దిగింది, ప్లాస్టిక్ కవరుతో సహా. "కవరు తీయకండి, మాసిపోతాయి," అన్నాడు మేనేజరు. కూర్చోవద్దని మాత్రం అనలేదు. ఒకసారి తువ్వాళ్ళ పిల్ల కూర్చుంటే, "ఏమ్మా, ఇంట్లో మంచం లేదా?" అని అందరి ముందూ అడిగాడు. ఇక ఆ తర్వాత స్టూళ్ళ మీద గుడ్డల కట్టలే కూర్చున్నాయి.

అయితే ఆయన చూసీచూడనట్టు వదిలేసేవి కొన్ని ఉండేవి. బడి వదిలే వేళకు వదిన వెళ్ళి కూతుర్ని తన తల్లి దగ్గర దిగబెట్టి వచ్చేది. మధ్యాహ్నం అందరూ కలిసి డబ్బాలు విప్పేవారు. కబుర్లు కాస్త సాగినా ఏమనేవాడు కాదు. వదిన తన డబ్బా మూతలో ఇంత కూర వేసి, మాటల మధ్యలోనే కొంగక్క ముందుకు తోసేది. రోజు మొత్తానికీ కొంగక్క ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే.

ఒక ఉదయం కార్మిక శాఖ అధికారిణి తనిఖీకి వచ్చింది. మేనేజరు అప్పటికే కట్టలన్నీ కిందికి దింపించాడు.

"కూర్చోనిస్తున్నారా అమ్మా?"

"ఆఁ, కూర్చుంటామండీ," అంది దుప్పట్ల వదిన నిలబడే. మిగతావాళ్ళు తలలూపారు.

"ఏదీ, కూర్చోండి మరి."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొంగక్క కూర్చుంది. ధైర్యంతో కాదు, అంత మర్యాదగా చెప్పాక నిలబడి ఉంటే బాగుండదని. కింద కవరు కరకరమంది.

"కొత్తవా ఇవి?"

"మొన్ననే అండీ..." అన్నాడు మేనేజరు.

ఇన్నేళ్ళుగా కొనేవాళ్ళు ఆమెను అడిగే ప్రశ్న అదే, కొత్త సరుకేనా అని. ఆమె ఉన్నదున్నట్టు చెబుతుంది. అలవాటుగా అనేసింది: "కాదండీ, పోయినేడువి. కవరు తీయొద్దన్నారు."

అధికారిణి తన చేత్తోనే ఆ కవరు చింపింది. "చెప్పారని వీళ్ళలో ఎవరినీ పనిలోంచి తీయడానికి వీల్లేదు. అదీ చట్టమే," అని మేనేజరుకు చెప్పి వెళ్ళింది.

ఆయన ఎవర్నీ తీయలేదు. "చట్టం కావాలన్నారుగా. ఇక అన్నీ చట్టప్రకారమే," అన్నాడు. భోజనం వంతులవారీగా, ఒక్కొక్కరే. విరామంలో తప్ప గడప దాటడానికి లేదు. బడి వదిలే వేళకు పడిన ఆఖరి వంతు కొంగక్కది. వదినది మొట్టమొదటిది.

వదిన పరదాల దగ్గరికి వచ్చింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అక్కా? నీకేం, ఒంటిదానివి. నా కూతురు బడి మెట్ల మీద కూర్చుంటోంది, నేనొచ్చేదాకా."

"ఆఫీసరమ్మ అడిగింది కదా వదినా, చెప్పాను."

"మమ్మల్నీ అడిగింది. ఏం చెప్పాలో తెలిసి చెప్పాం."

మర్నాడు కొంగక్క మేనేజరు గదికి వెళ్ళింది. "నా వంతు వదినకిచ్చి, ఆవిడది నాకివ్వండి. విరామం ఎలాగూ విరామమే కదండీ."

ఆయన వంతుల కాగితం ముందుకు లాక్కున్నాడు. "కందకు లేని దురద నీకెందుకమ్మా? సరే, మార్చుకోండి."

వదిన మళ్ళీ వేళకు బడికి వెళ్తోంది. వంతు ఎలా మారిందో ఆమెకు తెలుసు. పరదాల ముందు నుంచే వెళ్తుంది, ఆగదు. ఇద్దరి భోజనాలూ ఇక ఎప్పుడూ కలవవు. బేరాల్లేనప్పుడు ఇప్పుడు అందరూ కూర్చుంటారు, తువ్వాళ్ళ పిల్లయితే కాళ్ళూపుతూ. ఒంటికాలి మీద నిలబడేవాళ్ళు లేరు గనక ఆ పేరూ పోయింది. మొన్న పొడుగు కత్తెర కావాల్సి వచ్చి వదిన "పరదాలక్కా" అని పిలిచింది. ఆమె కత్తెర అందించింది.

ఇప్పుడామె పాదాలు వాయవు. సాయంత్రం నీళ్ళు మాత్రం కాచుకుంటుంది.