నలుపు కింద వెండి రంగు

మధ్యాహ్నం మూడూ పదికి గుడివాడ నుంచి మా మరిది వచ్చాడు. మర్నాడు ఆయుధ పూజ. చేతిసంచిలో స్ప్రే డబ్బాలున్నాయి. చెప్పులు విప్పకముందే పోర్టికోలో ఉన్న కారు చుట్టూ తిరుగుతూ ఫోనులో వీడియో తీసుకున్నాడు. ఆ తర్వాతే "బాగున్నావా వదినా" అని అడిగాడు.

కారు మా ఆయనది. ఆయన పోయి, సంవత్సరీకం కూడా అయ్యాక వచ్చిన మొదటి దసరా అది. ఆయన పశువుల డాక్టరు. కాపురం బందరులో, ఉద్యోగం దివిసీమలో. చల్లపల్లి దాటాక దారి ఎలా ఉన్నా గేదె ఈనే వేళకు చేరుకోవాలి కాబట్టి కారు కాలవగట్ల మీదా, ఉప్పు బురదలోనూ తిరిగింది. ఇనప చక్రాలు ఏటా తుప్పు పట్టేవి. ఏటా దసరాకు ముందు వచ్చే ఆదివారం ఆయనే వాటికి రంగు వేసేవారు.

ఆ పనిలో చెప్పుకోదగ్గ నేర్పేమీ లేదు. ఉప్పు కాగితంతో తుప్పు గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ముందు ఎర్ర ప్రైమరు, అది ఆరాక వెండి రంగు, బ్రష్షుతో. టైరుకు రంగు అంటకుండా చక్రానికీ టైరుకీ మధ్య చుట్టూ పాత పెళ్ళికార్డులు దోపేవారు. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కను మాత్రం ముందే చించి గూట్లో పెట్టేవారు. "డబ్బున్నవాళ్ళ కార్డులే బాగా నిలబడతాయోయ్. మధ్యతరగతి కార్డు వంగిపోతుంది" అనేవారు. బంగారు అక్షరాలతో, పట్టుదారపు కుచ్చులతో వచ్చే ఆ అట్టలకు అంతకు మించిన ఉపయోగం నాకూ ఎప్పుడూ కనబడలేదు.

ఆయన చివరిసారి వేసిన రంగు ఇంకా చక్రాల మీద ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే బ్రష్షు గీతలు కనబడతాయి. బట్టలు ఇచ్చేశాం. పుస్తకాలు ఆయన చదివినవే గాని రాసినవి కావు. ఆయన చేతి పని అని చెప్పడానికి ఇంట్లో మిగిలింది ఆ గీతలే.

"ఈ గీతలేంటి వదినా, ప్రహరీ గోడకి సున్నం కొట్టినట్టు! అన్నయ్య బండి ఇలా పడుంటే అన్నయ్యకే నామర్దా" అన్నాడు మరిది. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఆ బండి ఎక్కడానికి అతను నామర్దా పడ్డాడు. చుట్టపు పెళ్ళిళ్ళకు వస్తే కల్యాణ మంటపానికి రెండు వీధుల ఇవతలే దిగిపోయేవాడు.

"రంగు వద్దు" అన్నాను.

"రంగు కాదు వదినా, రబ్బరు కోటింగు. మ్యాట్ బ్లాక్. నచ్చకపోతే చిక్కుడుకాయ ఈనె తీసినట్టు తీసి పారేయొచ్చు."

"కింద ఉన్నది పోకూడదు."

"పోదు. అదే కదా దీని గొప్ప! కింద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నా మాట మీద నమ్మకం లేదా?"

లేదు. కాని అతను అప్పటికే టైర్లకు అంటించడానికి టేపు చించుతున్నాడు. తీసేయడానికి వీలుగా ఉంటుందన్న ధైర్యంతో వేసుకునే రంగును అతనిలాంటివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టి ఉంటారు. అతను చేరిన పార్టీలూ, మొక్కిన స్వాములూ, పెంచిన గడ్డమూ అన్నీ అదే పద్ధతి.

చక్రాలను నీళ్ళ పైపుతో ఒకసారి తడిపి, గుడ్డతో అద్ది, కొట్టడం మొదలుపెట్టాడు. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో ఫోను. డబ్బా మీద పూత పూతకూ మధ్య ఆగమని ఉంది. అతను ఆగింది ఫోటోలకే. చీకటి పడేసరికి నాలుగు చక్రాలూ దోసె పెనాల్లా తయారయ్యాయి. భోజనాల దగ్గర, కాలం మారిందనీ, మనవాళ్ళకు నలుపంటే ఉన్న భయం వట్టి మూఢనమ్మకమనీ అన్నం కలుపుతూ చాలాసేపు చెప్పాడు. ముద్దపప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

తెల్లవారాక మా తోడికోడలు గుడివాడ నుంచి మొదటి బస్సుకు దిగింది. బండికి బొట్టు పెట్టడానికి నేను పనికిరానని ఎవరూ అనలేదు. నేను కలిపి తెచ్చిన పసుపు గిన్నెను ఆమె నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది, అంతే. పోర్టికోలోకి వెళ్ళి ఆగిపోయింది.

"పండగపూట నల్ల చక్రాలేంటండీ! నేను బొట్టెక్కడ పెట్టను?"

"నలుపు మీదైతే పసుపు బాగా కనబడుద్దే" అన్నాడు మరిది, నవ్వుతూ.

"నవ్వకండి. పోయిన మనిషి బండి, పైగా నలుపు. రేపు మన పిల్లలు ఎక్కాలా వద్దా? తీసేయండి ముందు."

రాత్రి మూఢనమ్మకాల గురించి అంత మాట్లాడిన మనిషి లుంగీ ఎగ్గట్టి కింద కూర్చుని పూత ఒలవడం మొదలుపెట్టాడు. నమ్మకం ఉండి ఆ పని చేసి ఉంటే నాకు అంత రోతగా అనిపించేది కాదు.

రాత్రంతా సముద్రం వైపు నుంచి తేమగాలి వీచింది. పూత సరిగ్గా ఆరలేదు. పల్చగా పడిన చోట మినప్పొట్టులా నలిగి గోళ్ళలో ఇరుక్కుంది. మందంగా పడిన చోట చర్మంలా పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చింది. నేను ఒక ముక్క తీసి తిరగేసి చూశాను. వెనకవైపు వెండి రంగు ఉంది. బ్రష్షు గీతలు చక్కగా ఉన్నాయి. చక్రం మీద ఎర్ర ప్రైమరూ, అక్కడక్కడా తుప్పూ మాత్రం మిగిలాయి.

"అన్నయ్య ప్రైమరు సరిగ్గా కొట్టినట్టు లేడు వదినా. అందుకే పట్టు లేదు" అన్నాడు.

"నిన్న పోదన్నావు."

"కోటింగు తప్పు కాదు. కింద రంగే పుచ్చిపోయింది. ఎప్పటికైనా పోయేదే."

చచ్చిపోయినవాడు తిరిగి జవాబు చెప్పడు కాబట్టి తప్పు అక్కడ పెట్టడం తేలిక. అప్పటికి మూడు చక్రాలు అయిపోయాయి. అతను గోడవైపున్న వెనక చక్రం దగ్గరికి జరిగాడు. నేను వెళ్ళి ఆ చక్రానికి అడ్డంగా నేల మీద కూర్చున్నాను.

"లే వదినా, ఒక్కటుంటే బాగోదు."

"చెయ్యి తీయి."

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అందుకేనేమో చెయ్యి తీశాడు. మా తోడికోడలు పసుపు గిన్నె తీసుకుని, "పోనీలెండి, మూడూ ఎర్రగానే ఉన్నాయి కదా, ఎరుపు మంచిదే" అని ప్రైమరు మీద పసుపు రాసి బొట్లు పెట్టింది. నాలుగో చక్రానికి బొట్టు లేదు. నిమ్మకాయ మాత్రం పెట్టారు. మరిది బండిని ముందుకు కదిపితే నాలుగూ చితికాయి.

గుడివాడ చేరకముందే ఫోనులో ఫోటోలు పెట్టేశాడు. పాత చక్రం పక్కన నల్ల చక్రం. పొద్దున జరిగింది పెట్టలేదు. చాలామంది మెచ్చుకున్నారు. అలాంటివాళ్ళకు మెచ్చుకునేవాళ్ళు ఎప్పుడూ కరువు కారు.

నాలుగో చక్రం ఇప్పటికీ నల్లగానే ఉంది. తీసేయొచ్చన్న ఆ పూతను నేను తీయనివ్వడం లేదు. దాని కింద ఆయన వేసిన రంగు ఉంది. తీస్తే అదీ వస్తుంది. కాబట్టి నేను దాన్ని చూడలేను. ఉందని తెలుసు. మిగిలిన మూడూ తుప్పు పడుతున్నాయి. పడనీ.

పెళ్ళికార్డులు వస్తూనే ఉన్నాయి. వినాయకుడి ముక్క చించి గూట్లో పెట్టి, మిగతాది చెత్తబుట్టలో వేస్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడు చక్రాలకు రంగు వేయడం లేదు.